తువ్వాలు కింద గూగ్లీ

మా ఆదోని మండీలో ఆ రోజుల్లో పత్తి ధర ఎవరూ నోటితో చెప్పేవారు కాదు. అమ్మేవాడి తరఫు దళారీ, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుని, చేతులు కలిపి, పైన ఒక తువ్వాలు కప్పుకునేవారు. ఇక బేరమంతా వేళ్లదే. చూపుడువేలు పట్టుకుంటే ఒకటి, నడిమివేలు కూడా కలిపితే రెండు, అట్లా పోయి పోయి చెయ్యి మొత్తం గట్టిగా పట్టుకుని ఊపితే బేరం కుదిరినట్టు. ఈలోపల నోళ్లు ఊరికే ఉండేవి కావు. ఆలూరు పక్క వాన పడిందట కదా అని ఒకరు, మీ పెద్దోడి పెండ్లి ఎందాకా వచ్చిందని ఇంకొకరు తీరిగ్గా మాట్లాడుకుంటూ ఉంటే, కింద వేళ్లు కుస్తీ పట్టేవి. చుట్టూ ఉన్నవాళ్లు మొహం పక్కకు తిప్పుకునేవారు. ఇద్దరు తువ్వాలు కింద చేతులు పెట్టుకున్నప్పుడు అటు చూడటమంటే, పక్కింటివాళ్లు అన్నం తింటుంటే కంచంలోకి తొంగిచూడటమే.

పత్తి వరకైతే నాకేం బాధ లేదు. మా ఊరి క్రికెట్ జట్టును కూడా తువ్వాలు కిందే ఎంపిక చేసేవారు. నా కడుపుమంటంతా దాని గురించే.

అప్పుడు కర్నూలు రాజధాని. అంతకు ముందుదాకా మేం బళ్లారి జిల్లావాళ్లం. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, మా సెలెక్షన్ కమిటీ మాత్రం మారలేదు. కమిటీ అంటే ఇద్దరే. ఒకరు మా కెప్టెన్. నేను పత్తి మాదిరి తీసి పోగు పొడవెంతో లాగి చూసే పనిలో ఉన్న మండీకి యజమాని ఆయనే. రెండోవాడు మా వికెట్ కీపరు. ఇనప పెట్టెల అంగడి ఆయనది, ఊరంతా భాయ్ అనేది. సాయంత్రం బేరాలన్నీ అయిపోయాక ఇద్దరూ మండీ గద్దె మీద ఎదురెదురుగా కూర్చునేవారు. తువ్వాలు పడేది. ఒక్కొక్క పేరు నోటితో అనడం, కింద వేళ్లతో ఔననో కాదనో అనడం. కాఫీ వచ్చేసరికి జట్టు తయారు.

ఈ పద్ధతిలో గొప్ప సుఖముంది. ఎవరు ఎవర్ని వద్దన్నారో భగవంతుడికి కూడా తెలియదు. నన్నెందుకు తీసుకోలేదని కెప్టెన్‌ను అడిగితే ఆయన తువ్వాలు వైపు చూసేవాడు. భాయ్‌ని అడిగితే ఆయనా తువ్వాలు వైపే చూసేవాడు. తువ్వాలును పట్టుకుని తన్నలేం కదా. మళ్లీ మరునాడు ఇద్దరితో కలిసి కాఫీ తాగేవాణ్ణి, లోపల కుతకుత ఉడుకుతూ.

ఎందుకు ఉడికేవాణ్ణంటే, నేను లెగ్ స్పిన్నర్ని. మా కెప్టెన్‌కు లెగ్ స్పిన్ అంటే ప్రాణం.

అబద్ధం కాదు. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో రేడియో ఉండేది. టెస్ట్ మ్యాచ్ జరిగే రోజుల్లో ఆయన పొద్దున్నే వచ్చి దాని కింద బల్ల ఆక్రమించేవాడు. కామెంటరీ ఇంగ్లీషులో వచ్చేది. ఆయనకు అర్థమైంది అర్థమైనట్టు, కానిది తనకు నచ్చినట్టు మాకు తెలుగులో చెప్పేవాడు. టెస్టుకు జట్టు ప్రకటించారని పేపరు వస్తే మొదట లెగ్ స్పిన్నర్ ఉన్నాడా లేడా అని చూసేవాడు. లేడో, ఆ రోజు మా మండీలో ఏ రైతుకూ మంచి మాట దొరికేది కాదు. ఇద్దరు ఫాస్ట్ బౌలర్లను పెట్టుకుని మన ఎండల్లో ఏం పీకుతారని, బ్యాటింగ్ గట్టిగా ఉండాలని ఇంకో బ్యాట్స్‌మన్‌ను ఇరికించడం పిరికితనమని, వికెట్ కావాలంటే కొన్ని పరుగులు పోసుకోవాల్సిందేనని హోటలంతా వినేటట్టు ఉపన్యాసం ఇచ్చేవాడు.

ఒకసారి ఉపన్యాసం మధ్యలోనే నేను లేచి, మరి మన జట్టులో సంగతేమిటని అడిగాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"టెస్టు అంటే అయిదు దినాలప్పా. లెగ్ స్పిన్నరు ఒక దినమంతా పరుగులిచ్చినా, వికెట్లు తీసేకి ఇంకా నాలుగు దినాలు ఉంటాయి. మనది పొద్దున మొదలుపెడితే మాపటికి అయిపోతాది. నువ్వు పరుగులిచ్చేకే సాలదు ఆ టైము."

హోటలంతా నవ్వింది. దేశం జట్టుకు నన్ను పంపడానికి ఆయనకు అభ్యంతరం లేదన్నమాట, ఆదోని జట్టుకే నేను పనికిరాను.

నాకు ఈ విద్య నేర్పింది ఒక రైల్వే గార్డు. గుంతకల్లులో రైల్వే జట్టుకు ఆడి, రిటైరై, మా వీధిలో కూతురింట్లో ఉండేవాడు. ఆయనకు మోకాళ్లు పోయాయి, మణికట్టు మాత్రం పోలేదు. అరుగు మీద కూర్చునే ఎదురుగోడకు బంతి వేసేవాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల పక్క పడి, బయటికి తిరిగి, వికెట్ అవతలి పక్కకు పోయేది లెగ్ బ్రేక్. అదే చెయ్యి, అదే ఊపు, మణికట్టును మాత్రం ఇంకొంచెం మెలితిప్పితే బంతి ఉల్టా లోపలికి వస్తుంది. దాన్ని గూగ్లీ అంటారు. తేడా చూసేవాడికి తెలియకూడదు, తెలిస్తే నువ్వు బౌలర్‌వి కాదు అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. బంతిని పట్టుకునేది మిగతా వేళ్లు, తిప్పేది మాత్రం ఉంగరపువేలు. ఆ వేలు పుండు పడాలి, ఆరాలి, మళ్లీ పుండు పడాలి, కాయ కాయాలి అని.

పుండు పడింది, ఆరింది, కాయ కాచింది. మండీలో దూది లాగి చూసే చెయ్యి కాబట్టి ఆ కాయ ఒకరోజు మా కెప్టెన్ కంటపడింది. పత్తి పోగు దానికి తగులుకుంటుందేమోనని ఆయన దిగులు. నా చెయ్యి తీసుకుని, ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాలప్పా దీని మీద ఇంత కష్టం? మండీలో ధర లేని ఏలు ఇది."

నిజమే. తువ్వాలు లెక్కలో ఉంగరపువేలును ఒంటరిగా ఎవరూ పట్టుకోరు. పక్క వేళ్లతో కలిసి వస్తే దానికో లెక్క ఉంది, ఒక్కదానికే ఏమీ లేదు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చాలా రోజులు అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా ఆ వేలినే చూసుకునేవాణ్ణి.

అయితే ఉన్న మాట చెప్పుకోవాలి. నన్ను పక్కన పెట్టడానికి పరుగులొక్కటే కారణం కాదు. అసలు కారణం భాయ్. గుంతకల్లు రైల్వేవాళ్లతో ఆటలో నాకు ఒకసారి బంతి ఇచ్చారు. నా గూగ్లీ బ్యాట్స్‌మన్‌కు అర్థం కాలేదు. సంతోషమే. భాయ్‌కీ అర్థం కాలేదు. బ్యాట్స్‌మన్ ఒక పక్క, భాయ్ ఒక పక్క, బంతి వాళ్లిద్దరికీ సంబంధం లేకుండా బౌండరీకి. ఇట్లా మళ్లీ మళ్లీ జరిగాక ఒక బంతి లేచి ఆయన దవడకు తగిలింది. ఆయన పాపం గ్లవ్స్ విప్పి, దవడ పట్టుకుని, పిచ్ మొత్తం నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"వాణ్ణి మోసం చెయ్ బేటా, సంతోషం. నేను నీ వాణ్ణి కదా, నన్నెందుకు చేస్తావ్?"

ఆ రోజు నుంచి నా పేరు నోటితో అనడమూ, తువ్వాలు కింద ఆయన వేలు కాదనడమూ జరుగుతూ వచ్చిందని నా అనుమానం. అనుమానమే, ఎందుకంటే తువ్వాలు సంగతి చెప్పానుగా.

ఏటా ఎండలు ముదరకముందు ఎమ్మిగనూరుతో మా ఆట ఉండేది. మాకు అదే టెస్ట్ మ్యాచ్. మాది పత్తి ఊరు, వాళ్లది మగ్గాల ఊరు. మేం పంపిన దూదితోనే వాళ్లు బట్ట కట్టుకుంటారని మేమూ, వాళ్లు నేయకపోతే మేం దూదే చుట్టుకుని తిరగాలని వాళ్లూ అనుకోవడం మామూలు. ఆ ఏడు జట్టును ఎంపిక చేసే సాయంత్రం నేను మండీలోనే ఉన్నాను, మూలన కూర్చుని మాదిరి దూది సర్దుతూ. గద్దె మీద తువ్వాలు పడింది. పేర్లు ఒక్కొక్కటీ అయిపోయాయి. చివరి స్థానానికి నా పేరు వచ్చింది. కెప్టెన్ నోరు నందవరం పక్క వేరుశనగ ఎట్లా ఉందని అడుగుతోంది. భాయ్ నోరు పర్వాలేదంటోంది. తువ్వాలు కింద ఏదో కదిలింది. కెప్టెన్ పెదవి విరిచి ఇంకో పేరు అందుకోబోయాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. లేచి వెళ్లి, తువ్వాలు కిందికి నా చెయ్యి దూర్చాను.

మండీ మొత్తం బిగుసుకుపోయింది. తువ్వాలు కిందికి మూడో చెయ్యి రావడం ఆదోనిలో ఎవరూ కనలేదు, వినలేదు. దళారీలు మొహం తిప్పుకోవడం మరిచిపోయి నోళ్లు తెరుచుకుని చూశారు. నేను భాయ్ చెయ్యి వెతికి పట్టుకున్నాను.

"భాయ్, ఒక ఏలు పట్టుకుంటే బంతి బయటికి పోతాది. రెండు పట్టుకుంటే లోపలికొస్తాది. ప్రతి బంతికీ ముందే నీకు ఏళ్లు సూపిస్తా. ఇంక నిన్ను మోసం సేసేది యాడుంది?"

భాయ్ చాలాసేపు నా వేళ్లు వదల్లేదు. తర్వాత కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ మొహం నల్లబడి ఉంది, నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. కానీ ఆయన మొదట వ్యాపారి, తర్వాతే పెద్దమనిషి. సరుకులో లాభం కనిపిస్తే కోపాన్ని పక్కన పెట్టగలడు.

"ఈ ఒక్క ఆట," అన్నాడు. "ఈసారి కూడా భాయ్‌కి బంతి అందలేదనుకో, ఇంక బంతి ముట్టుకోవద్దు. స్కోరు రాసుకుంటా కూసో, అంతే."

ఆయన ఆడి తప్పడు. స్కోరు రాసేవాడంటే మా జట్టులో మజ్జిగ పోసేవాడి కంటే ఒక మెట్టు కింద.

మాలో మేం సాధన చేసినప్పుడు ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసింది. కుడిచేతిలో బంతి, ఎడమచెయ్యి తొడ పక్కన వేలాడేసి ఒక వేలో, రెండు వేళ్లో చూపడం. భాయ్ అటు జరగాల్సినప్పుడు అటు, ఇటు జరగాల్సినప్పుడు ఇటు. మా బ్యాట్స్‌మెన్ ఒక్కరు కూడా కనిపెట్టలేదు. వాళ్లు నా చెయ్యి చూస్తే కదా, కళ్లు మూసుకుని బ్యాటు ఊపడమే వాళ్లకు తెలిసిన విద్య. దాన్ని మేం మా తెలివి అనుకున్నాం.

ఆట రోజు పొద్దున్నే బస్సులో ఎమ్మిగనూరు చేరాం. ఊరి బయట, మగ్గానికి ఎక్కించే ముందు నూలు పడుగులు సాగదీసే మైదానం వాళ్ల గ్రౌండు. ఆటకోసం పడుగులు తీసేసి, మధ్యలో కొబ్బరిపీచు చాప పరిచారు. అప్పట్లో మా పక్కన అన్ని ఊళ్లలోనూ ఆట చాప మీదే. చాప కొంచెం వదులుగా ఉంటే బంతి దాన్ని పట్టుకుని తిరుగుతుంది. కానీ నేతపనివాళ్లకు దేన్నయినా వదులుగా వదలడం చేతకాదు. ఆ చాపను కూడా పడుగు లాగినట్టు నాలుగు వైపులా లాగి, ముడత లేకుండా బిగించి మేకులు కొట్టారు. దాన్ని చూడగానే నా ప్రాణం ఉసూరుమంది.

మేం ముందు బ్యాటింగ్ చేసి చెప్పుకోదగ్గ పరుగులేమీ చేయకుండా ఔటయ్యాం. వాళ్ల ఆట మొదలై రెండు వికెట్లు పడ్డాక వాళ్ల పెద్ద బ్యాట్స్‌మన్ వచ్చాడు. నాకు బాగా తెలిసినవాడే. మగ్గాలవాళ్ల తరఫున నూలు కొనడానికి వారం వారం మా ఆదోని మండీకి వచ్చేవాడు. నవ్వు మొహం, నల్లటి మీసం, బేరంలో మహా గట్టివాడు. కెప్టెన్ నాకు బంతి ఇచ్చాడు. ఒక వేలు చూపించాను. లెగ్ బ్రేక్ చక్కగా పడింది, బయటికి తిరిగింది. ఆయన దానికోసమే కాచుకున్నట్టు కాలు వేసి కొట్టాడు. బంతి మగ్గాల షెడ్డు గోడకు తగిలింది. రెండు వేళ్లు చూపించి గూగ్లీ వేశాను. తీరిగ్గా రెండో పక్కకు తిరిగి అటు కొట్టాడు. నేను నా బతుకులో వేసిన మంచి గూగ్లీల్లో అదొకటి. ముందే తెలియనివాడెవడూ దాన్ని అంత నిదానంగా కొట్టడు. భాయ్‌కి మాత్రం ఏ బంతీ తప్పలేదు, ఎందుకంటే ఏ బంతీ ఆయనదాకా రాలేదు.

భోజనాల వేళకు నా మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. వాళ్లు మర్యాదకు తక్కువ చేయలేదు. ఓళిగలు, నెయ్యి, చిత్రాన్నం. ఆ నూలు ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు, విస్తట్లో ఇంకో ఓళిగ వేయించాడు, తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఏమప్పా, తువ్వాలు ఇంటికాడ మర్సినారా? ఇంత బయలుగా బేరం సెప్తాంటే ఎవురైనా కొంటారు."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఓళిగ గొంతుకు అడ్డం పడింది. వారం వారం మా మండీలో అదే తువ్వాలు కింద అవే వేళ్లు పట్టుకునే మనిషి ఆయన. ఒకటి, రెండు అని ఆయన ఎదుట చెయ్యి వేలాడేసి ఆడిస్తున్నాను నేను. తాతల కాలం నుంచి ఆ వేళ్ల భాషను తువ్వాలు కిందే మాట్లాడి మాట్లాడి, అది ఎప్పుడూ కప్పే ఉంటుందని మా అందరికీ నమ్మకం కుదిరిపోయింది. వేళ్లను బయట పెట్టామన్న సంగతి మా జట్టులో ఒక్కడికీ తట్టలేదు. పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాల్సిన విషయం, నాకు మాత్రం ఏడుపొచ్చింది. అట్లా చూడటం మర్యాదేనా అని ఆయన్ను అడిగాను.

"కప్పింటే మొగం తిప్పుకుందును. కప్పలేదు కదప్పా."

దానికి తిరుగులేదు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

వెళ్లి కెప్టెన్‌కు, భాయ్‌కి చెప్పాను. భాయ్ తల పట్టుకున్నాడు. కెప్టెన్ నన్ను కాదు, తన చేతి వేళ్లనే కోపంగా చూసుకున్నాడు. నాకు వెంటనే ఒక ఉపాయం తోచింది. రెండు వేళ్లు చూపించి లెగ్ బ్రేక్ వేస్తాను, ఒకటి చూపించి గూగ్లీ వేస్తాను, భాయ్ ఉల్టా అర్థం చేసుకుంటే చాలు అన్నాను. భాయ్‌కి నచ్చింది. కెప్టెన్ మాత్రం ససేమిరా అన్నాడు. వేలితో చెప్పిన ధర తప్పినవాడు ఆదోనిలో మళ్లీ అంగడి తెరవలేదు. అది ఆటైతే మాత్రం ఏమిటి, ఎదుటివాడు మన మండీ మనిషి, రేపు వారం నూలుకు వస్తాడు, అతని చేతిలో ఏ మొహం పెట్టుకుని చెయ్యి పెడతాం అన్నాడు.

"ఏళ్లు అబద్ధం సెప్పకూడదప్పా. నోరు ఎంతైనా సెప్పనీ."

అబద్ధం ఆడకూడదు, నిజం చూపకూడదు. ఇక నాకు స్కోరు రాసే పనే గతి అనుకున్నాను. కెప్టెన్ నాకు మళ్లీ బంతి ఇవ్వలేదు. మధ్యాహ్నమంతా ఎండలో బౌండరీ దగ్గర నిలబడి, నూలు ఆయన కొట్టిన బంతులు ఏరుకొచ్చాను. అటువైపు వికెట్లు పడుతున్నాయి కానీ ఈయన కదలడం లేదు. చివరికి వాళ్లకు ఒకే వికెట్ మిగిలింది. ఇంకో రెండు మంచి దెబ్బలు పడితే గెలుపు వాళ్లదే. మా బౌలర్లందరికీ చేతులు పడిపోయాయి. కెప్టెన్ నలువైపులా చూసి, వేరే దారిలేక నన్ను పిలిచాడు. బంతి ఇచ్చాడు. ఇచ్చి, భుజం మీద ఉన్న తువ్వాలు తీశాడు.

నేను చెయ్యి చాపాను. భాయ్ వికెట్ల దగ్గర నుంచి వచ్చి గ్లవ్ విప్పాడు. పిచ్ మధ్యలో, అంతమంది జనం ఎదుట, మా చేతుల మీద తువ్వాలు పడింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మైదానం గొల్లుమంది. పత్తా నూలా అని ఒకడు, మాకూ రెండు బేళ్లు వేయమని ఒకడు, ఈలలు, కేకలు. అంపైర్‌గా ఉన్న వాళ్ల ఊరి బడి అయ్యవారు పరుగెత్తుకొచ్చి ఇదేమిటన్నాడు. కెప్టెన్ ఎంతో వినయంగా, తువ్వాలు వద్దని రూల్స్‌లో ఎక్కడైనా ఉందా అని అడిగాడు. అయ్యవారు చాలాసేపు ఆలోచించి, లేదని ఒప్పుకుని, తొందరగా కానివ్వమన్నాడు. నేను నూలు ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే మొహం పక్కకు తిప్పుకుని, మగ్గాల షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. చూడాలని ఆయనకు ఎంత ఉందో మెడ చూస్తేనే తెలుస్తోంది. మెడ తిరగలేదు.

కొన్ని బంతులు అట్లా నడిచాయి. ప్రతి బంతికీ భాయ్ రావడం, గ్లవ్ విప్పడం, తువ్వాలు, మళ్లీ తొడుక్కోవడం. నూలు ఆయన ఆ రోజు మొదటిసారి నా బంతిని కళ్లతో చదవాల్సి వచ్చింది. లెగ్ బ్రేకులే వేశాను. జాగ్రత్తగా ఆడాడు. ఒకటి మాత్రం దొరికించుకుని బౌండరీ దాటించాడు. ఇంకొక్క దెబ్బ చాలు.

మళ్లీ తువ్వాలు పడింది. ఈసారి మూడు చేతులు. భాయ్ ఏం వేస్తావని అడుగుతున్నట్టు చెయ్యి తెరిచి పెట్టాడు. నేను రెండు వేళ్లు పట్టుకున్నాను. వెంటనే కెప్టెన్ నా చూపుడువేలు ఒక్కటే పట్టుకున్నాడు. ఒకటే, లెగ్ బ్రేకే, మిగతాది వద్దని. నేను మళ్లీ రెండు. ఆయన ఒకటి, ఈసారి ఎముక నొప్పెట్టేటట్టు. ఆయన మొహంలో మాత్రం చిరునవ్వు.

"పోయిన దసరాకు దేవరగట్టు కర్రలాటకు పోయినావా అప్పా?" అంది ఆయన నోరు.

"లేదన్నా, దెబ్బలు తగుల్తాయని పోలేదు," అంది నా నోరు. నా వేళ్లు రెండే అన్నాయి.

భాయ్ నోరు ఈసారి వానలెట్లా ఉంటాయో అని విచారించింది. కింద కెప్టెన్ వేలు ఒక్కటే అంటోంది. గూగ్లీ తప్పితే ఆట పోతుంది, మానం పోతుంది, ఆయనకు ఆ భయం. నాకు అంతకంటే పెద్ద భయం. ఇప్పుడు గూగ్లీ వేయకపోతే ఇక ఎన్నడూ వేయను. నేను రెండు వేళ్లనూ పట్టుకుని వదల్లేదు. చివరికి కెప్టెన్ నా చెయ్యి మొత్తం పట్టుకుని గట్టిగా ఒక్కసారి ఊపాడు. బేరం కుదిరింది. తువ్వాలు తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పరుగెత్తుకొచ్చి వేశాను. ఉంగరపువేలు మీది కాయ చిట్లినట్టు చురుక్కుమంది. బంతి గాలిలో కొంచెం నిలిచింది. నూలు ఆయన ముందుకు దూకి, బయటికి తిరుగుతుందని బ్యాటు చాపాడు. అది లోపలికి వచ్చింది, బ్యాటుకూ కాలికీ మధ్య సందులోంచి దూరి, వికెట్లకు తగలకుండా కాళ్ల పక్కనుంచి పోయింది. గుంతకల్లు ఆటలో అయితే బౌండరీకే. భాయ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. బంతి పట్టాడు, బెయిల్స్ ఎగరగొట్టాడు. నూలు ఆయన వెనక్కి తిరిగి చూసుకునేసరికి అయ్యవారి వేలు పైకి లేచింది. ఆట మాది.

భాయ్ గ్లవ్స్‌తోనే నన్ను ఎత్తుకున్నాడు. నూలు ఆయన బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చి, ఇదే బేరం పొద్దున్నే చేసి ఉంటే తనకు ఎండ తప్పేది కదా అని నవ్వుతూ నా వీపు తట్టాడు. కెప్టెన్ మాత్రం నా దగ్గరికి రాలేదు. చాప కొలిచి చూస్తున్నట్టు నటిస్తూ అటు తిరిగి నిలబడ్డాడు. తిరుగు బస్సులోనూ ఒక్క మంచి మాట అనలేదు. నాకు మళ్లీ కోపం వచ్చింది.

కొన్ని రోజులకు టెస్టు జట్టు పేపర్లో వచ్చింది. లెగ్ స్పిన్నర్ లేడు. కాఫీ హోటల్లో ఆయన వీరంగం చూడాలి. పరుగులిస్తాడని భయపడేవాడికి వికెట్లు ఎట్లా వస్తాయని బల్ల గుద్ది అడిగాడు. ఆ పెద్ద సెలెక్టర్ల దగ్గర తువ్వాలు లేదేమో అన్నాను నేను. ఆయన నా వైపు గుర్రుగా చూసి, తువ్వాలు ఉండే ఉంటుంది, కీపర్ని పిలిచి ఉండరు అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మళ్లీ ఆట వస్తోంది, నా సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం మండీ గద్దె మీద తువ్వాలు పడింది. నేను మూలన దూది సర్దుతూ, మొహం పక్కకు తిప్పుకునే కూర్చున్నాను. పేర్లు అయిపోతూ వచ్చాయి. నా పేరు ఎక్కడా వినపడలేదు. చివరి స్థానం ఒక్కటే మిగిలింది. కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు.

"ఈడికి రాప్పా. సెయ్యి పెట్టు."

వెళ్లాను. తువ్వాలు అంచు ఎత్తి చెయ్యి లోపల పెట్టాను. భాయ్ చెయ్యి పక్కకు జరిగింది. కెప్టెన్ వేళ్లు నా చేతిని తడిమాయి. చూపుడువేలును దాటాయి, నడిమివేలును దాటాయి. ఉంగరపువేలు దగ్గర ఆగాయి. ఆ ఒక్క వేలినే, కాయ మీద, గట్టిగా పట్టుకున్నాడు. మండీ లెక్కలో దానికి అర్థం లేదు. ఆయన వదల్లేదు.

"ఆలూరు పక్క వాన పడిందంటనా?" అని అడిగింది ఆయన నోరు.

పడిందన్నా, బాగా పడింది అన్నాను.